కొత్త ట్యాంకు కట్టేముందు పాత ట్యాంకులో గెడ దించి చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కట్టిన మురుగు నీటి శుద్ధి కేంద్రాలు (వాడుకలో ఎస్టీపీలు) ఊరు పెరిగి, నిబంధనలు బిగిసేసరికి చాలడం లేదు. వాటిని ఎలా బాగుచేయాలన్నదే అందరి ప్రశ్న. జవాబుల్లో లెక్కలన్నీ రోజుకు కోటి లీటర్ల కేంద్రానికి, అంటే 10 ఎంఎల్‌డీకి వేశాం. మీది 5 అయితే సగం చేసుకోండి, 20 అయితే రెట్టింపు.

ప్రశ్న: మా పట్టణంలో 10 ఎంఎల్‌డీ యాక్టివేటెడ్ స్లడ్జ్ కేంద్రం (గాలి ఊది, బురదలోని సూక్ష్మజీవులతో శుద్ధి చేసేది) ఉంది. నీటిపైన తిరిగే ఏరేటర్లు, రెండు క్లారిఫయర్లు (బురద తేర్చే తొట్లు). బయటికి పోయే నీటి బీఓడీ (సేంద్రియ మాలిన్యం అరగడానికి జీవులకు పట్టే ఆక్సిజన్, లీటరుకు మి.గ్రా.లలో) 45 దగ్గరే ఆగిపోయింది. కన్సల్టెంటు మొత్తం పడగొట్టి ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో వంతులవారీగా గాలి ఊది, తేర్చే రకం) కట్టమంటున్నారు. పాతది ఇక పనికిరాదా? – మున్సిపల్ ఏఈ, కోస్తా జిల్లా

జవాబు: పడగొట్టే మాట తర్వాత. ముందు కొన్ని కొలతలు తీయండి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, రెండు వారాలు చాలు.

మొదటిది ట్యాంకు అడుగు. ఏరేటర్లు ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర పెట్టుకోండి. పొడవాటి వెదురు గెడ చివర అడుగు వెడల్పు చెక్క పలక బిగించి, నడకదారి మీద నుంచి మెల్లగా దించండి. పలక ఆగిన చోట గెడ మీద గుర్తు పెట్టండి. తర్వాత పలక తీసేసి, చెక్కిన మొనతో అదే చోట బలంగా దించితే అసలు నేల తగులుతుంది. రెండు గుర్తుల మధ్య తేడా ఎంతో ఇసుక మందం అంత. ప్రతి మూడు మీటర్లకు ఒకసారి ఇలా కొలిచి కాగితం మీద వేసుకోండి. గ్రిట్ చాంబర్ (ముందే ఇసుక ఆపే తొట్టి) సరిగా పనిచేయని కేంద్రాల్లో ఇసుకంతా వచ్చి ఏరేషన్ ట్యాంకులోనే కూర్చుంటుంది. మూడు మీటర్ల లోతులో 45 సెంటీమీటర్ల ఇసుక ఉందంటే, మీరు కట్టిన ట్యాంకులో 15 శాతం లేనట్టే.

రెండోది, ఎంత నీరు వస్తోందన్నది. లాగ్‌బుక్‌లో చాలాచోట్ల పంపు నేమ్‌ప్లేటు అంకెను గంటలతో గుణించి రాస్తారు. అరిగిన ఇంపెల్లరు ఆ అంకె ఇవ్వదు. సంపులోనే కొలవండి. ఉదాహరణకు సంపు 6 మీటర్ల వ్యాసం అనుకుందాం, వైశాల్యం 28.3 చదరపు మీటర్లు. పంపు ఆపి 5 నిమిషాలు చూస్తే మట్టం 30 సెం.మీ. పెరిగింది: లోపలికి గంటకు 102 ఘనపు మీటర్లు వస్తోంది. వెంటనే పంపు వేస్తే 5 నిమిషాల్లో 70 సెం.మీ. తగ్గింది: అది 238. రెండూ కలిపితే పంపు అసలు తోడేది గంటకు 340 ఘనపు మీటర్లు. నేమ్‌ప్లేటు మీద 450 అని ఉందంటే, ఇన్నాళ్లూ రికార్డులో రాసిన ప్రవాహంలో నాలుగో వంతు కాగితం మీదిదే.

మూడోది నమూనా. ఉదయం పదింటికి ఒక సీసా పట్టి ల్యాబుకు పంపితే ఆ గంట సంగతి మాత్రమే తెలుస్తుంది. 24 గంటలూ గంటకోసారి పట్టి, ఆ గంట ప్రవాహాన్ని బట్టి ఎక్కువ తక్కువ కలిపి, ఐస్ పెట్టెలో ఉంచి, ఏడు రోజులు వరసగా చేయించండి. ఆదివారం తప్పకుండా ఉండాలి. బీఓడీ, సీఓడీ (రసాయనంతో కొలిచే ఆక్సిజన్ అవసరం), ఘనపదార్థాలతోపాటు టీకేఎన్ (అమోనియా, సేంద్రియ నత్రజని కలిపి), భాస్వరం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కూడా చూడమనండి.

ఇక్కడ మన ఊళ్ల ప్రత్యేకత ఒకటి ఉంది. భూగర్భ డ్రైనేజీ పూర్తిగా లేని పట్టణాల్లో వీధి కాలువల నీటిని అడ్డకట్టతో మళ్లించి కేంద్రానికి తెస్తారు. అందులో వృథాగా పారే కుళాయి నీళ్లు, వాన నీళ్లు, సెప్టిక్ ట్యాంకుల నుంచి పొంగిన నీళ్లు కలిసి ఉంటాయి. డీపీఆర్‌లో (వివరమైన ప్రాజెక్టు నివేదికలో) బీఓడీ 250 అని రాసినా వచ్చేది 100 కూడా ఉండకపోవచ్చు. సెప్టిక్ ట్యాంకులో సేంద్రియం సగం అక్కడే అరిగిపోతుంది, అమోనియా మాత్రం అలాగే వస్తుంది. అంటే సూక్ష్మజీవులకు తిండి తక్కువ, నత్రజని ఎక్కువ. నత్రజని తీయాలంటే బీఓడీ టీకేఎన్‌కు కనీసం నాలుగు రెట్లు ఉండాలి. ఈ నిష్పత్తి తెలియకుండా ఏ టెక్నాలజీని ఎంచుకున్నా చీకట్లో బాణమే.

నాలుగోది, బయటికి పోయే నీటిలో మామూలు బీఓడీ ఒకటి, వడపోసిన నీటి బీఓడీ ఇంకొకటి. మొత్తం 45, వడపోసినది 10 వచ్చిందనుకోండి. ట్యాంకులో జీవులు తమ పని బాగానే చేస్తున్నాయి. మిగతా 35 అంతా క్లారిఫయర్ మీంచి జారిపోయిన బురద. అలాంటప్పుడు క్లారిఫయర్ వీయర్లను (నీరు పొర్లే అంచులను) మట్టానికి తేవడం, గీకే రబ్బరు పట్టీలు మార్చడం, రోజూ బురద తీయడం లాంటి పనులతోనే 45 కాస్తా 20కి దిగుతుంది. వడపోసినది కూడా 35 ఉంటే లోటు గాలిలోనో, జీవుల సంఖ్యలోనో, ట్యాంకు పరిమాణంలోనో ఉంది. అప్పుడు అప్‌గ్రేడ్ నిజంగానే కావాలి.

ఈ కొలతలు చేతిలో పెట్టుకుని కన్సల్టెంటుతో కూర్చోండి. కాంక్రీటు సంగతి కూడా చూడాలి. నీటిమట్టానికి పైన, మూత ఉన్న చోట్ల హైడ్రోజన్ సల్ఫైడు ఆమ్లంగా మారి సిమెంటును తినేస్తుంది. ఇన్‌లెట్ చాంబరు, సంపు పైకప్పు, కాలువల మూతల కింద సుత్తితో తట్టి చూడండి. గుల్ల శబ్దం వచ్చినచోట కోర్ (పరీక్షకు కాంక్రీటు ముక్క) తీయించండి. ఏరేషన్ ట్యాంకు, క్లారిఫయర్ గోడలు సాధారణంగా గట్టిగానే ఉంటాయి, వాటిని పడగొట్టడానికి మనసు ఒప్పదు.

ప్రశ్న: రోజూ ఉదయం క్లారిఫయర్ మీద బురద పెళ్లలు తేలుతున్నాయి. కర్రతో కొడితే మునుగుతాయి, మళ్లీ వస్తాయి. ఏం చేయాలి? – ప్లాంటు ఆపరేటరు

జవాబు: లీటరు కొలజాడీలో ఏరేషన్ ట్యాంకు నీళ్లు పట్టి, ఎండ తగలని చోట కదలకుండా పెట్టండి. అయిదు నిమిషాలకు గోధుమరంగు రేకులు ఒకదానికొకటి అతుక్కుని దుప్పటిలా దిగుతూ పైన నీరు తేటపడాలి. ముప్పై నిమిషాలకు బురద ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర ఆగిందో రాసుకోండి. పారబోయకండి, అలాగే ఇంకో రెండు గంటలు ఉంచండి. మీ సమస్యకు జవాబు ఆ రెండు గంటల్లోనే దొరుకుతుంది.

అరగంటలో చక్కగా దిగిన బురద, గంటా రెండు గంటలకు సన్నని బుడగలతో ముద్దగా పైకి లేచిందంటే, బురదలోని నైట్రేటు నత్రజని వాయువుగా మారుతోంది. మీ క్లారిఫయర్ అడుగున జరిగేదీ అదే. బురద అక్కడ ఎక్కువసేపు పడి ఉంటోంది. రిటర్న్ పంపింగ్ (తేరిన బురదను తిరిగి ఏరేషన్ ట్యాంకుకు పంపడం) పెంచండి, గీకే చేయి నిజంగా నేలను తాకుతోందో చూడండి, అదనపు బురద తీయండి. ఏరేషన్‌కు ముందు గాలి లేని గది ఒకటి కడితే శాశ్వతంగా తగ్గుతుంది.

అరగంటకు అసలు దిగకుండా 800 దగ్గర నిలిచిందనుకోండి, రెండో జాడీలో సగం ఈ నీరు, సగం క్లారిఫయర్ తేటనీరు కలిపి మళ్లీ చూడండి. ఈసారి బాగా దిగితే ట్యాంకులో బురద మరీ ఎక్కువైంది, తీసేయండి. పలచన చేసినా దిగకపోతే దారాల్లాంటి జీవులు పెరిగాయి: గాలి చాలకపోవడం, మురుగు దారిలోనే కుళ్లి రావడం దీనికి మామూలు కారణాలు. కరిగిన ఆక్సిజన్ 2 మి.గ్రా. దాకా తేవడం అసలు మందు. అత్యవసరమైతే ట్యాంకులోని ప్రతి వెయ్యి కిలోల బురదకు రోజుకు 2 నుంచి 5 కిలోల క్లోరిన్ రిటర్న్ లైనులో ఇవ్వొచ్చు. అంతకు మించితే మంచి జీవులు కూడా చస్తాయి.

ముప్పై నిమిషాల అంకెను లీటరులోని బురద గ్రాములతో భాగిస్తే ఎస్‌వీఐ (బురద ఎంత బాగా దిగుతుందో చెప్పే సూచిక) వస్తుంది. 250 మి.లీ., 3 గ్రాములైతే 83: చాలా మంచిది. 80–150 మధ్య నిశ్చింతగా ఉండొచ్చు. 200 దాటితే ఇంజినీరుకు ఆరోజే చెప్పండి.

ప్రశ్న: ఒకరు బీఓడీ 30 చాలంటారు, ఇంకొకరు 10 అంటారు. ఏది నిజం? – మున్సిపల్ కౌన్సిలరు

జవాబు: రెండు అంకెలకూ పుట్టుక ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరు 13 నోటిఫికేషన్‌లో మెట్రో నగరాలకు, చాలా రాష్ట్రాల రాజధానులకు బీఓడీ 20, మిగతా ఊళ్లకు 30 అని పెట్టారు. మల కోలిఫాం (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) 100 మి.లీ.కి వెయ్యి లోపు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న దీన్ని బిగించింది: బీఓడీ 10, ఘనపదార్థాలు 20, సీఓడీ 50, మొత్తం నత్రజని 10, చెరువుల్లో కలిపేచోట భాస్వరం 1, కోలిఫాం 230 మించకూడదు. పాత కేంద్రాలకూ ఇదే వర్తిస్తుందని చెప్పింది. మీ కేంద్రాన్ని కట్టిపడేసేది మీ సీఎఫ్‌ఓ (కేంద్రం నడపడానికి ఇచ్చే అనుమతి) పత్రంలో కాలుష్య నియంత్రణ మండలి రాసిన అంకె. అది తెరిచి చూడండి. ఇప్పుడు డబ్బు పెట్టి 30కి బాగుచేసి, అయిదేళ్లకు మళ్లీ తవ్వడం పట్టణానికి భారం. డిజైను 10కే చేయించమని మా సలహా.

ప్రశ్న: నత్రజని కూడా తీయాలంటే పాత ఏరేషన్ ట్యాంకులో ఏం మార్చాలి? డిఫ్యూజర్లు (అడుగునుంచి సన్న బుడగలుగా గాలి వదిలేవి) వేస్తే చాలా? – కాంట్రాక్టు సంస్థలో డిజైన్ ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: చాలదు. లెక్క చూద్దాం. బీఓడీ 250 ఉంటే రోజుకు 2,500 కిలోలు వస్తుంది. దాన్ని 10కి తేవాలంటే కిలోకు 1.1 చొప్పున సుమారు 2,600 కిలోల ఆక్సిజన్. పాత డిజైను ఇక్కడితో ఆగింది. టీకేఎన్ 45 ఉండి, బురదలో కలిసిపోయేది 10 తీసేస్తే, నైట్రేటుగా మార్చాల్సింది 35, రోజుకు 350 కిలోలు. ఒక్కో కిలోకు 4.57 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే ఇంకో 1,600. ఆ నైట్రేటులో 280 కిలోలను గాలిలేని గదిలో నత్రజని వాయువుగా మారిస్తే కిలోకు 2.86 చొప్పున 800 తిరిగొస్తుంది. నికరంగా 3,400. పాతదానికంటే మూడో వంతు ఎక్కువ గాలి.

ఆ తిరిగొచ్చే 800 కోసం ట్యాంకు ముందరి మూడో భాగానికి అడ్డుగోడ కట్టి గాలి ఆపాలి. అక్కడ బురద కూర్చోకుండా మునిగే మిక్సర్లు, చివరి నుంచి నైట్రేటు నీటిని వెనక్కి తెచ్చే పంపులు (ప్రవాహానికి మూడు నాలుగు రెట్లు, నీటిని ఎత్తాల్సిన ఎత్తు తక్కువే) పెట్టాలి. ఆల్కలినిటీ మరవకండి. 35 మి.గ్రా. అమోనియా మారడానికి 250 మి.గ్రా. ఆల్కలినిటీ పోతుంది, గాలిలేని గది 100 దాకా తిరిగిస్తుంది. బోరు నీళ్లు వాడే ఊళ్లలో ఇది సాధారణంగా సరిపోతుంది. కాలువ నీళ్ల ఊళ్లలో కొలిచి చూడాలి. లోటు పడితే పీహెచ్ పడిపోయి జీవులు పని ఆపేస్తాయి.

ఇప్పుడు అసలు ఇరుకు. 8 గంటల ట్యాంకు అంటే 3,300 ఘనపు మీటర్లు. లీటరుకు 3 గ్రాముల చొప్పున లోపల 10 టన్నుల బురద ఉంటుంది. రోజూ పుట్టేది 2 టన్నులు, అంతా తీసేస్తే సగటు వయసు 5 రోజులు. అందులో మూడో వంతు గాలిలేని గదికి పోతే గాలి తగిలే వయసు మూడున్నర రోజులు దాటదు. మన వేడిలో కూడా నైట్రేటు చేసే జీవులకు అది బొటాబొటి. బురద 5 గ్రాములకు పెంచితే క్లారిఫయర్ మోయలేదు. ఇలాంటి చోట ప్లాస్టిక్ మీడియా (జీవులు అతుక్కుని పెరిగే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, ఐఫాస్ పద్ధతి) అక్కరకొస్తుంది. మిగిలిన 2,200 ఘనపు మీటర్లలో 40 శాతం, అంటే 880 ఘనపు మీటర్ల మీడియా వేస్తే, ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్ల చొప్పున 4.4 లక్షల చదరపు మీటర్ల పట్టు దొరుకుతుంది. చదరపు మీటరు రోజుకు 0.8 గ్రాముల నత్రజని మార్చినా 350 కిలోలు అయిపోతుంది. పైగా ఆ జీవులు మీడియాకే అతుక్కుని ఉంటాయి కాబట్టి క్లారిఫయర్ మీద బరువు పడదు.

మీడియా వేస్తే ముందు జాలీ మార్చాలి. పాత 20 మి.మీ. ఊచల జాలీ షాంపూ సాచెట్లను, జుట్టును ఆపదు. అవి మీడియాను ఆపే జల్లెడకు చుట్టుకుంటాయి. నీరు వెనక్కి తన్ని, తొట్టి పొంగి, లక్షల రూపాయల మీడియా డ్రైనులోకి కొట్టుకుపోతుంది. 6 మి.మీ. వరకు ఆపే యాంత్రిక జాలీ తప్పనిసరి, 3 అయితే ఇంకా మేలు.

ఇక డిఫ్యూజర్లు. పాత ట్యాంకు లోతు మూడు మూడున్నర మీటర్లే. సన్న బుడగ మీటరు లోతుకు శుభ్రమైన నీటిలో 5–6 శాతం ఆక్సిజన్ ఇస్తుంది, మురుగులో అందులో సుమారు సగమే. లోతు తక్కువైతే డిఫ్యూజర్లు ఎక్కువ వేయాలి, ఎక్కువ గాలి ఊదాలి. అయినా నీటిపైన తిరిగే ఏరేటర్లకంటే కరెంటు బాగా తగ్గుతుంది. గోడ ఎత్తు పెంచే ఆలోచన తరచూ వస్తుంది. గోడ పెంచితే నీటిమట్టం పెరిగి ముందున్న చాంబర్లన్నీ మునుగుతాయి, స్ట్రక్చరల్ ఇంజినీరు పాత కడ్డీల లెక్క చూసి ఒప్పుకోవడం అరుదు.

బిగించేటప్పుడు అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ట్యాంకు నింపేముందు డిఫ్యూజర్లపైన జానెడు నీరు మాత్రం పెట్టి బ్లోయరు వేయండి. సన్నని తెల్లటి నురగలా సమంగా రావాలి. ఒకచోట బుడబుడమని పెద్ద బుడగలొస్తే అక్కడ కీలు వదులైంది. ఇది పది నిమిషాల పని. నింపాక అదే లోపం దొరికితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. రబ్బరు పొర అయిదేడు సంవత్సరాలకు గట్టిపడుతుంది. నీటి కాఠిన్యం ఎక్కువున్న ఊళ్లలో సున్నం పట్టి ఇంకా ముందే మూసుకుపోతుంది. బ్లోయరు దగ్గరి ప్రెషర్ గేజి రీడింగును మొదటి రోజు నుంచీ రాస్తే, ఆ పెరుగుదల చూసి ఫార్మిక్ ఆమ్లంతో కడగాల్సిన సమయం తెలుస్తుంది.

భాస్వరం 1కి తేవాలంటే పటిక కూడా కావాలి: తీయాల్సిన ప్రతి మిల్లీగ్రాముకు 15–20. మూడు మి.గ్రా. తీయాలంటే రోజుకు 450–600 కిలోలు. అది మళ్లీ ఆల్కలినిటీ తింటుంది, బురద పెంచుతుంది.

ప్రశ్న: పని జరుగుతున్నన్నాళ్లూ మురుగు ఎక్కడికి పంపాలి? మాది గోదావరి డెల్టా, పక్కనే కాలువ. – సివిల్ కాంట్రాక్టరు

జవాబు: శుద్ధి చేయకుండా కాలువలోకి వదలడం కుదరదు. కిందివాళ్లు తాగేది ఆ నీరే. రెండు లైన్లుంటే ఒకదాన్ని ఆపి, రెండోదాని మీద నడపండి. ఆ రోజుల్లో రెండో లైను మీద భారం రెట్టింపు కాబట్టి దాని క్లారిఫయర్‌ను, పంపులను ముందే బాగుచేసి ఉంచాలి. చాలామంది ఈ వరస తప్పుతారు.

మీ ప్రాంతంలో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. డెల్టాలో నాలుగైదు అడుగులకే నీరు పడుతుంది. నిండుగా ఉన్న ట్యాంకు తన బరువుతో కూర్చుని ఉంటుంది. ఖాళీ చేయగానే కింది నీరు దాన్ని పడవలా పైకి నెట్టి, అడుగు పలక పగిలిపోతుంది. పాత డ్రాయింగులో ప్రెషర్ రిలీఫ్ వాల్వులు చూపించినా, అవి తుప్పు పట్టి మూసుకుపోయే ఉంటాయని అనుకోండి. ట్యాంకు చుట్టూ చిన్న బోర్లు వేసి, నీటిమట్టం అడుగు పలక కిందికి దిగిందని కొలిచాకే ఖాళీ చేయండి. ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ బోర్ల పంపులు ఆగకూడదు, డీజీ సెట్టు సిద్ధంగా ఉండాలి. వేసవిలో కాలువలు కట్టేసే రోజులే దీనికి అనువు. జూన్ వానలలోపు ట్యాంకు మళ్లీ నిండాలి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు నడుస్తున్న ట్యాంకు బురదనే తోడు వేయండి, పాలకు పెరుగు తోడేసినట్టు. అలా చేస్తే బీఓడీ రెండు వారాల్లో దారికొస్తుంది. అమోనియాకు నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఊళ్లో ఉన్నవి పాత ఆక్సిడేషన్ చెరువులు. హైదరాబాద్‌లో యూఏఎస్‌బీ అనే ఇంకో రకం ఉందంటారు. వాటికీ ఇదే పద్ధతా? – ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాదు. చెరువుల్లో ముందు పూడిక తీయాలి. ఏళ్ల తరబడి తీయకపోతే లోతు సగమై, నీరు ఇన్‌లెట్ నుంచి అవుట్‌లెట్‌కు అడ్డదారిన పారిపోతుంది. పూడిక తీసి మధ్యలో అడ్డుకట్టలు వేస్తే పాత సామర్థ్యం తిరిగొస్తుంది. బీఓడీ 10 మాత్రం చెరువుతో రాదు. ఒక మూల యంత్ర పద్ధతి కేంద్రం కట్టి, మిగతా చెరువును చివరి శుద్ధికి, అత్యవసర నిల్వకు వాడుకోండి. ఆ భూమిని ఇంకో పనికి మాత్రం ఇవ్వనీయకండి.

యూఏఎస్‌బీ అంటే గాలి లేకుండా బురద దుప్పటి గుండా నీటిని కిందినుంచి పైకి పంపడం. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ కేంద్రం ఆ రకమే. కరెంటు తక్కువ తింటుంది. కానీ వచ్చే నీటిలో బీఓడీ ఇంకా చాలా మిగులుతుంది, అమోనియా అసలు తగ్గదు, సల్ఫైడు వాసన ఉంటుంది. తర్వాత గాలి దశ తప్పదు. నత్రజని తీయడానికి కావాల్సిన తిండిని యూఏఎస్‌బీ ముందే తినేస్తుంది కాబట్టి కొంత పచ్చి మురుగును నేరుగా గాలిలేని గదికి మళ్లించాలి. హైదరాబాద్‌లో 2021లో చేపట్టిన 31 కేంద్రాలకు ప్రధానంగా ఎస్‌బీఆర్‌నే ఎంచుకున్నారు.

ప్రశ్న: బురద ఎండబెట్టే బెడ్లు నిండిపోయాయి. ఆపరేటరు బురద తీయడం మానేశాడు. తప్పెవరిది? – శానిటరీ ఇన్‌స్పెక్టరు

జవాబు: బెడ్లు చాలవని తెలిసీ పట్టించుకోని డిజైనుది. మురుగు నుంచి మనం తీసిన మాలిన్యమంతా బురదగానే మిగులుతుంది. అది గేటు దాటకపోతే ఏదో ఒక రాత్రి క్లారిఫయర్ మీంచి చెరువులోకే పోతుంది. అప్‌గ్రేడ్ అంచనాల్లో ఎప్పుడూ మొదట కోత పడేది ఈ పద్దుకే. మేము చూసే డీపీఆర్‌లలో మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

లెక్క ఇలా ఉంటుంది. రోజుకు 2 టన్నుల పొడి బురద. రిటర్న్ లైనులో 0.8 శాతం చిక్కదనంతో అది 250 ఘనపు మీటర్లు. బెడ్డు మీద 25 సెం.మీ. మందం పోస్తే రోజుకు వెయ్యి చదరపు మీటర్లు, ఎండి ఎత్తడానికి 14 రోజులైతే మూడున్నర ఎకరాలు. చిక్కబరిచే తొట్టి పెట్టి 2 శాతానికి తెస్తే 100 ఘనపు మీటర్లే, ఒకటిన్నర ఎకరం లోపు సరిపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో అదీ ఎండదు. అందుకే బురదలో నీరు పిండే యంత్రాలు, సెంట్రిఫ్యూజ్ గానీ స్క్రూ ప్రెస్ గానీ, ఒకటి నడిచేది, ఒకటి స్టాండ్‌బై కావాలి. పొడి టన్నుకు 3–5 కిలోల పాలిమర్ (బురదను ముద్దకట్టించే రసాయనం) పడుతుంది. పాలిమర్‌ను 0.1–0.2 శాతానికి కలిపి కనీసం అరగంట నాననివ్వాలి. చేప కళ్లలా ఉండలు కట్టిందంటే పొడి ఒక్కసారిగా పోశారు. 20 శాతం కేకు (నీరు పిండిన బురద) రోజుకు 10 టన్నులు, ట్రాక్టరు మూడు ట్రిప్పులు. ఆ ట్రాక్టరు ఎక్కడ దించుతుందో డీపీఆర్‌లోనే రాయించండి.

ప్రశ్న: సంపులో పంపు జామైతే మనుషుల్ని దించుతున్నారు. వద్దంటే ఎవరూ వినడం లేదు. – ఒక కార్మికుడి కుమార్తె

జవాబు: మీ భయం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. సంపులోని హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గిందని దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునేది అక్కడే. 500 దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. పడిపోయినవాడి కోసం దూకిన రెండోమనిషీ బతకడు.

రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువ మరణానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. మీ నాన్నగారికి లిఖితపూర్వక అనుమతి, గ్యాస్ మీటరు, గాలి సిలిండరుతో ముసుగు, ట్రైపాడ్‌కు కట్టిన బెల్టు, పైన ఇద్దరు మనుషులు లేకుండా ఎవరు చెప్పినా దిగవద్దని చెప్పండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువున్నా, సల్ఫైడు 10 పీపీఎం దాటినా అవన్నీ ఉన్నా దిగకూడదు.

ఇంజినీర్లకు మా మాట: పంపులను గైడ్ రైలు మీద, స్టెయిన్‌లెస్ గొలుసుతో పెట్టి, పైన క్రేను కొక్కెం బిగించండి. పంపే పైకి వస్తుంది. అప్‌గ్రేడ్ ఖర్చులో ఇది చాలా చిన్న మొత్తం, అన్నిటికంటే ముందు జరగాల్సిన పని.

ప్రశ్న: సెప్టిక్ ట్యాంకు లారీలు ఎస్టీపీలో పోయొచ్చా?

జవాబు: పోయొచ్చు, ఒకేసారి కాదు. పది లారీలు, ఒక్కోటి 4,000 లీటర్లు. ఘనపదార్థం లీటరుకు 15 గ్రాములున్నా 600 కిలోలు. కేంద్రానికి రోజంతా వచ్చేదాంట్లో అది సుమారు నాలుగో వంతు. గంటలో కుమ్మరిస్తే ఆక్సిజన్ సున్నా అవుతుంది. విడిగా తొట్టి, జాలీ పెట్టి, రాత్రి ప్రవాహం తగ్గినప్పుడు మెల్లగా వదలాలి.

ప్రశ్న: శుద్ధి నీరు మా చేపల చెరువుకు వస్తోంది. ఈమధ్య చేపలు చస్తున్నాయి. – రైతు

జవాబు: రెండు అనుమానాలు: మిగిలిన క్లోరిన్, అమోనియా. లీటరుకు 0.1 మి.గ్రా. క్లోరిన్ కూడా చేపకు చేటే. కేంద్రంవారిని క్లోరిన్ కలిపి అరగంట ఆగాక, మిగులుకు ఒకటిన్నర రెట్లు సోడియం బైసల్ఫైటు కలపమని అడగండి. వారు వాడేది హైపో (సోడియం హైపోక్లోరైటు) ద్రావణమైతే 5 మి.గ్రా. మోతాదుకు రోజుకు 500 లీటర్లు (10 శాతం) పడుతుంది. ఎండల్లో దాని బలం వేగంగా పోతుంది. పది రోజులకు సరిపడానే కొనాలి, నీడలో ఉంచాలి. లేదంటే బలం తగ్గిందని ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోస్తారు. అల్ట్రావయొలెట్ దీపాలకు ఈ బాధ లేదు గానీ, నీటిలో ఘనపదార్థం 20 లోపు లేకపోతే కాంతి చొరదు.

ప్రశ్న: టెండరు పిలుస్తున్నాం. ఏ టెక్నాలజీ అని రాయాలి? – మున్సిపల్ కమిషనరు

జవాబు: టెక్నాలజీ పేరుకు అంత ప్రాధాన్యం ఇవ్వకండి. ఎస్‌బీఆర్ కొత్తదేమీ కాదు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ యాక్టివేటెడ్ స్లడ్జ్‌ను కనుగొన్నదే నింపి, గాలి ఊది, తేర్చి, వంపే పద్ధతిలో. ఆటోమేటిక్ వాల్వులు, కంప్యూటరు వచ్చాక ఆ పాత పద్ధతే మళ్లీ నిలబడింది. స్థలం తక్కువై, కొత్తగా కట్టేచోట అది మంచిదే. గట్టి ట్యాంకులున్నచోట వాటినే వాడుకోవడం మేలు.

టెండరులో రాయాల్సినవి చెబుతాం. మీరు తీసిన ఏడు రోజుల కొలతలు జతచేయండి. నిర్మాణ ధరతోపాటు 10–15 ఏళ్ల నిర్వహణ, కరెంటు కలిపి పోల్చండి. అమృత్ లాంటి కేంద్ర పథకాలు కట్టడానికి డబ్బిస్తాయి, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా మున్సిపాలిటీకే వస్తుంది. 3,400 కిలోల ఆక్సిజన్‌కు మంచి డిఫ్యూజర్లతో రోజుకు సుమారు 1,700 యూనిట్లు, పాత ఏరేటర్లతో దాదాపు రెట్టింపు. కాబట్టి ఎంఎల్‌డీకి ఇన్ని యూనిట్లు దాటితే కాంట్రాక్టరే భరించాలని షరతు పెట్టండి. బ్లోయర్లకు వేగం తగ్గించే డ్రైవులు, ఆక్సిజన్ మీటరుతో అనుసంధానం అడగండి. ఆ మీటరు మొనను వారానికోసారి తుడిచే బాధ్యత ఎవరిదో పేరుతో రాయండి. నడిచే ప్రతి పంపుకూ, బ్లోయరుకూ స్టాండ్‌బై ఉండాలి. నెలనెలా చెల్లింపును బయటి ల్యాబు నమూనాకు, తూకం వేసి గేటు దాటిన బురదకు ముడిపెట్టండి. నెలలో 300 టన్నుల కేకు పోవాల్సినచోట తూకం చీటీలు 60 టన్నులకే ఉంటే, ఆ నెల నీటి రిపోర్టులో బీఓడీ 8 అని ఉన్నా బిల్లు మీద సంతకం పెట్టకండి.